మూడో మెట్టు దగ్గర

ఇక్కడ దించలేం, ఇక్కడా దించలేం, అన్నీ రొయ్యల చెరువులే, గట్ల మీద కరెంటు తీగలు, ఆ పక్కన పంటకాలవ, పెడన దాటి ఇంతసేపైనా చిన్న విమానం దిగడానికి తగిన చదును ఒక్కటీ కనబడలేదు విల్సన్‌కి, పొలాన్ని పొలంగా చూడడం మానేసి రెండు నెలలైంది, రైలు కిటికీలోంచి కూడా దిగే చోటే వెతుకుతాడు, ఏం బతుకో ఇది, వారం సెలవు ఇట్టే అయిపోయింది, గుడివాడలో బండి మారితే రేపటికి ఎయిర్‌ఫోర్సు ట్రైనింగ్‌కి చేరతాడు, గురువారం పరీక్ష, గాలిలో ఇంజన్ ఆగినట్టు చేసి ఏం చేస్తాడో చూస్తారు, రెండుసార్లు తప్పాడు, ఈసారీ తప్పితే పెట్టె సర్దుకుని బందరు వచ్చేయడమే, ఎదురుగా నాన్న, తోమాసు మాస్టారు, చర్చిలో పిల్లలకి ఇరవై ఏళ్లుగా బైబిలు వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి, గుడివాడ దాకా సాగనంపుతానని వచ్చి, ట్రైనింగ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊఁ, కానియ్యరా అంటున్నాడు, మొత్తం ఏడు మెట్లు, ముక్కు దించి వేగం నిలుపు, దిగే చోటు ఎంచుకో, ఆపైన, ఆపైన, ఆగావేంరా, మొదట్నుంచి చెప్పు.

మొదట్నుంచి, ఆ ఒక్క మాటే, కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, ఎక్కడ ఆగినా తర్వాతి మాట అందించేవాడూ కాదు, దివిసీమలో, నాగాయలంక చర్చిలో క్రిస్మస్ పోటీ, నాలుగు పేజీల అధ్యాయం, తనకి తొమ్మిదేళ్లు, ఇంక రెండు వరుసలున్నాయనగా నాలుక మడతపడింది, ఊరంతా వింటుండగా నాన్న కుర్చీలోంచి నెమ్మదిగా మొదట్నుంచి అన్నాడు, నాలుగు పేజీలూ మళ్లీ చెప్పాడు, బయట బిర్యానీ చల్లారిపోతోందని జనం గొణిగారు, స్టీలు క్యారేజీ బహుమతిచ్చారు, మాస్టారి కొడుకనిపించాడని అందరూ మెచ్చుకున్నారు, నిక్కరు తడిసిన సంగతి అమ్మ ఒక్కదానికే తెలుసు.

అదే నోరు ఆకాశంలోకీ వచ్చింది, మొదటి పరీక్షలో ఇన్‌స్ట్రక్టర్ వెనక సీట్లోంచి ఇంజన్ తగ్గించగానే చెవులు గుయ్యిమన్నాయి, ముక్కు దించాడు, చోటు చూశాడు, చెయ్యి దానంతటదే ఇంధనం మీట మీదికి వెళ్లింది, మూడో మెట్టు అదే, మీట పేరు మాత్రం నోటికి రాలేదు, నోరు ఆగిందని చెయ్యీ ఆగింది, పెదాలు మళ్లీ మొదటికెళ్లాయి, దించిన ముక్కునే మళ్లీ దించాడు, ఎత్తు కరిగిపోతోంది, మళ్లీ మొదటికి, కింద చింతచెట్ల కొమ్మలు విడివిడిగా కనబడుతున్నాయి, కంట్రోల్ నాకివ్వు అని ఇన్‌స్ట్రక్టర్ లాక్కున్నాడు, కిందికొచ్చాక అడిగాడు, చెయ్యి మీట మీదే ఉంది కదయ్యా, తిప్పలేదేం, మరచిపోయాను సర్, సరే, తప్పుల పుస్తకంలో రాసుకో, రాసుకున్నాడు, మూడో మెట్టు మరచిపోయాను, వందసార్లు చదవాలి, చదివాడు, రెండో పరీక్షలోనూ చెయ్యి మీట దాకా వెళ్లి అక్కడే ఆగింది.

బాబుకి ఏం పరీక్షండీ అని కవుతరంలో ఎక్కినావిడ అడిగింది, ఎయిర్‌ఫోర్సు పైలట్ అండీ, నాన్న గొంతులో ఎంత గర్వమో, నోటికొచ్చేస్తే చాలండీ, మావాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ, అదృష్టవంతులండీ, మావాడికి పదో ఎక్కమూ రాదు అని ఆవిడ నవ్వింది, విల్సన్ మళ్లీ ఎత్తుకున్నాడు, ముక్కు దించు, చోటు ఎంచుకో, ఆగిపోయాడు, మీట ఎటు తిప్పాలో చేతికి తెలుసు, ఇప్పుడు కూడా ఒళ్లోని చెయ్యి తిరిగింది, అయినా నాన్న వేలు పుస్తకంలో పై వరుసకి పాకుతుంటే గుండె దడదడలాడింది, తొడలు బిగుసుకున్నాయి, ఈ దడ తనకి తెలుసు, చింతచెట్లు పైకి వస్తున్నప్పుడు కొట్టుకున్నది ఈ గుండే, ఇలాగే, అప్పుడది చావు భయం అనుకున్నాడు, తప్పుల పుస్తకంలో రాసింది అబద్ధం, మూడో మెట్టు తను ఎన్నడూ మరచిపోలేదు, మాట తప్పాక ముందుకి వెళ్లడానికి ధైర్యం చాలలేదు, అంతే, మొదట్నుంచి అని నాన్న ఇంకా అననే లేదు, చెమట పట్టేసింది, చెయ్యెత్తి ఒక్క దెబ్బయినా కొట్టని ఈ ముసలాయనకి భయపడి తను రెండుసార్లు నేలకి కొట్టుకుని చచ్చిపోబోయాడు.