సున్నా చీటీ

గంగాభవాని మొదటి రాశి దగ్గరే ఆగిపోయింది. బొటనవేలు తడి చేసుకుని బెల్లం దిమ్మ మీద రుద్ది, ఆ జిగురుకే చీటీ అంటించడం ముప్ఫై ఏళ్ల అలవాటు. ఇవాళ కట్టలో పైచీటీ మీద సున్నా ఉంది.

అనకాపల్లిలో ఆ బెల్లం కొట్టుకి ఒక కట్టుబాటు ఉంది. వేలంలో మనిషి ముఖం చూసి ధర పెట్టకూడదని చీటీ మీద రైతు పేరు వేయరు, అంకె ఒక్కటే వేస్తారు. ఏ అంకె ఎవరిదో షావుకారు కన్నబాబు చేతిలోని పట్టీ చెబుతుంది. ఆ పట్టీనీ ఈ చీటీలనీ ఇవాళే కొత్తగా కంప్యూటరు అచ్చువేసింది.

వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. రాశులు ఇరవైనాలుగు. పట్టీలో ఒకటి నుంచి ఇరవైనాలుగు. చీటీలు మాత్రం సున్నా నుంచి ఇరవైమూడు. ఇలాగే అంటిస్తే ప్రతి రైతుకీ పక్కవాడి ధర పడుతుంది. ఆఖరున ఉన్న దేవరాపల్లి చిన్నబాబుకి అసలు ధరే ఉండదు. పాపం, ఆ పూట వచ్చినవాటిలో మేలు రంగు అతని బెల్లానిదే.

“బాబూ, సున్నా ఏటి? ఆకరోడి గతేటి?”

“కంప్యూటరు కన్నా నీకెక్కువ తెలుసేటే? వచ్చినవి వచ్చినట్టు అంటించు,” అన్నాడు కన్నబాబు తలెత్తకుండా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు ఆమె తండ్రి సింహాచలం బెల్లం ఇదే కొట్టులో చీటీ పడక రెండు రోజులు వానజల్లుకి కరిగిపోయింది. మరిచిపోయాం అన్నారు, అంతే. చెరకు తోట చేజారింది, పన్నెండేళ్ల పిల్లగా తను ఇక్కడ చీపురు పట్టింది. ఆ మాటను ఆమె ఈనాటికీ క్షమించలేదు.

“నానంటించను.”

రొంటిన దోపుకున్న సుద్దముక్క తీసింది. ఆమెకు వచ్చిన చదువల్లా అంకెలే. ప్రతి రాశి ముందూ నేల మీద జానెడేసి అంకెలు వేసుకుంటూ పోయింది. చిన్నబాబు రాశి ముందు ఇరవైనాలుగుని రెండుసార్లు దిద్దింది.

కొనేవాళ్లు వచ్చి ఆ అంకెలే చదివారు. నలుగురిలో గొడవెందుకని కన్నబాబు పళ్లు నూరుకుంటూనే వేలం పాట పాడించాడు. ఆ రోజుకి పై ధర చిన్నబాబుకే దక్కింది.

కంప్యూటరు దగ్గర కూర్చునే పావని పరుగున వచ్చింది. “అత్తా, నువ్వన్నదే నిజం. పట్టీ టెంప్లేటులో వరస ఒకటితో మొదలెట్టేరు, చీటీలదాంట్లో సున్నాతో. ఒకే సాఫ్ట్‌వేరు, రెండు దగ్గర్ల రెండు లెక్కలు!”

“నాకు తెలుసు పాపా. ఆయనకి సెప్పు.”

పావని చెప్పినా కన్నబాబు వినిపించుకోలేదు. అందరి ముందూ ఎదురు తిరిగినందుకు రేపట్నుంచి రావద్దన్నాడు. గంగాభవాని బతిమాలలేదు. షావుకారు గదిలో ఒక్క నిమిషం ఆగింది, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, కూలీలు వాడని ముందు గేటులోంచే బయటికి నడిచింది.

మర్నాడు కన్నబాబు కూర్చోబోతే, కుర్చీ వీపుకి బెల్లం జిగురుతో సున్నా చీటీ అంటించి ఉంది. గోటితో గీకాడు. అంచులు చిరిగాయి, చీమలు బారులు తీరాయి, సున్నా మాత్రం ఊడలేదు.