వల ముడి

బస్తా పగిలింది. ఆ వెంటనే హమాలీ యేసుబాబు చెంప పగిలింది.

"కళ్ళు నెత్తికెక్కినియ్యేంట్రా? ఎత్తు! గింజ మిగలకుండా ఎత్తు!" అని సూపర్‌వైజర్ జయకృష్ణ అరిచాడు.

బస్తాల మూతులు కుట్టే పన్నెండు మంది ఆడవాళ్ళూ తలెత్తలేదు. ఇబ్రహీంపట్నంలో ఆ గోడౌనుకి చెంపదెబ్బ కొత్త కాదు. కొత్త సంగతల్లా నేలమీద పడి ఉంది. వీళ్ళ చేత కాకుండా రాత్రికి రాత్రి కుట్టించిన ఆ కొత్త సంచి పగిలి, లోపలినుంచి ఇంకో పాత గోనెసంచి మూతి బయటికి వచ్చింది.

"ఏమే హెప్సిబా, దబ్బనం పట్టుకురా. పైన నాలుగు కుట్లేసి పడెయ్. లోపల చూడక్కర్లా."

చూడక్కర్లేదన్నాడు కాబట్టే హెప్సిబా చూసింది. కాలనీలో ఆమెను అనుమానం హెప్సిబా అంటారు. వాసన చూడనిదే పాలు కాచదు, పాస్టరుగారిచ్చిన కేకునైనా విరిచి చూడనిదే నోట పెట్టదు. ఎవరు నవ్వినా ఆమెకు లెక్కలేదు.

లోపల బియ్యం గడ్డలు కట్టి ఉన్నాయి. పురుగులు పాకుతున్నాయి. ముక్కిన వాసన గుప్పుమంది. వాటికి ఆమె ఉలిక్కిపడలేదు. ఆమె చేతులు ఆగిపోయింది పాత సంచి మూతి దగ్గర, పురికొస చివరన ఉన్న ముడిని చూసి. అది వల ముడి. కృష్ణ ఒడ్డున వలలల్లిన నాన్న నేర్పిన ముడి. ఆ ముడి వేసే చెయ్యి గోడౌను మొత్తానికి ఒకటే ఉంది, అది తనదే.

ఎప్పుడు వేసిందో కూడా ఆమెకు గుర్తొచ్చింది. నిరుడు బుడమేరు పొంగి ఇళ్ళు మునిగినప్పుడు కాలనీ అంతా బడి మేడమీద తలదాచుకుంది. సాయం బియ్యం వచ్చాయి, కుట్టడానికి చేతులు కావాలని చెప్పి ఈ ఆడవాళ్ళనే తీసుకొచ్చారు. కడుపులు కాలుతుంటే తమ బియ్యం తామే కుట్టుకున్నారు. సాయంత్రం బడి దగ్గర ముందు వేలిముద్రలు వేయించుకుని, బియ్యం రేపన్నారు. ఆ రేపు రాలేదు. వచ్చింది పాచిపోయిన పులిహోర పొట్లాలు. అవి తిని హెప్సిబా తల్లి ఎలిజబెత్ వాంతులు, విరేచనాలతో మూడోనాటికి పోయింది. కాలం తీరిందన్నారు పరామర్శకు వచ్చినవాళ్ళు. కాలం కాదు, ఆ పొట్లం చంపిందని హెప్సిబాకి తెలుసు.

మరి ఆ బియ్యం ఏమయ్యాయి? అప్పుడు జయకృష్ణ గొంతు తగ్గించి ఒక్క మాట వదిలాడు: "మీ మేస్త్రి వెంకటరత్నమ్మనే అడగండి." అంతే, ఆమే అమ్ముకుందని కాలనీ నమ్మేసింది. అందరికంటే ముందు నమ్మింది మన అనుమానం మనిషే. ఏడాదిగా ఒకే పట్టా మీద కూర్చుని కుడుతూ ఆ పెద్దావిడతో మాట కలపలేదు. విత్తనం వాడు వేశాడు, నీళ్ళు మనం పోశాం. కడుపు మండిపోయే సంగతి ఇదే.

అన్నాల వేళ హెప్సిబా ఆ ముడిని కోసి తెచ్చి వెంకటరత్నమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇది నిరుటిది పిన్నీ. మన బియ్యం. ఇక్కడే ఉన్నాయి."

వెంకటరత్నమ్మ ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏడాది నన్ను దొంగని చేశావు గదే," అంది. హెప్సిబా తల దించుకుంది. "తప్పు నాదే పిన్నీ," అనగలిగింది.

"సర్లే. ఏడుపులు తర్వాత. ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చేస్తాం?" అంది సింధూరి. ఇంటి అప్పు నెత్తిన ఉన్న పిల్ల. "ఇయ్యి పొయ్యేది సరిహద్దు శిబిరానికి. ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి ఊళ్ళొదిలి వచ్చినోళ్ళంట. మనకేమన్నా చుట్టాలా పక్కాలా? నోరు మూసుకుంటే కూలన్నా దక్కుద్ది."

"మనం బడి మీదున్నప్పుడు కూడా ఇంకెవరో ఇట్టాగే అనుకునుంటార్లే," అంది వెంకటరత్నమ్మ. "అందుకే మన బియ్యం ఏడాది ఇక్కడ ముక్కాయి."

యేసుబాబు వాచిన చెంప తడుముకుంటూ, "పొద్దున్నే ఒక లారీ ఎల్లిపోయిందమ్మా. ఇశ్రాయేలు తోలుకుపోయాడు. ఈపాటికి తిరువూరు దాటుంటాడు," అన్నాడు.

ఎక్కడో ఒక తల్లి ఆ అన్నం వండుతుంది, ఇంకో ఎలిజబెత్ తింటుంది.

హెప్సిబా రెండో లారీ డ్రైవరు ఫిలిప్ వైపు తిరిగింది. "అన్నా, ఇశ్రాయేలుకి ఫోన్ కొట్టు. సరుకు చూడకుండా వేలిముద్ర వెయ్యొద్దని అక్కడి ఆడోళ్ళకి చెప్పమను."

"వాళ్ళది కోయ మాట. వీడికేం వచ్చు?"

"బస్తా విప్పి ముక్కు దగ్గర పెట్టమను. ముక్కుకి భాషేంటి?"

ఎవరు మోశారో గానీ మాట ఆఫీసు గదికి చేరింది. జయకృష్ణ నవ్వుతూ వచ్చాడు. "హెప్సిబా గారూ, రేపట్నించి మేస్త్రి మీరేనండి. అయ్యగారు చెప్పమన్నారు."

ఆమె ఫక్కున నవ్వింది. "పొద్దున ఏమే, మధ్యాహ్నం గారూనా? అయితే లోపలున్నయ్యి ఒక్క బస్తా కాదన్నమాట."

మూడింటికి బెంజ్ సర్కిల్ ఆఫీసు నుంచి లక్ష్మీకాంత్ గారి కారు వచ్చింది. సాయం సరుకంతా ఆయన కాంట్రాక్టే. వెనక కెమెరాలు, చేతిలో పచ్చజెండా, 'మానవత్వానికి సరిహద్దుల్లేవు' అని బ్యానరు. గేటు దగ్గర మాత్రం ఆడవాళ్ళు పెట్టిన పొయ్యి వెలుగుతోంది. ఆ బియ్యమే ఉడుకుతున్నాయి. కంపుకి కెమెరావాళ్ళు ముక్కులు మూసుకున్నారు. వెంకటరత్నమ్మ పళ్ళెంలో వడ్డించింది.

"జెండా ఊపే ముందు రెండు ముద్దలు తినండి బాబూ. అక్కడి పిల్లలు తినేదే."

లక్ష్మీకాంత్ గారు రెండడుగులు వెనక్కి వేశారు. "నాకు షుగరమ్మా. అన్నం మానేశాను."

హమాలీలు గొల్లుమన్నారు. ఆ నవ్వుతో ఆయన ముఖం మాడిపోయింది. పావుగంటలో పోలీసు జీపు దిగింది.

"ఇవి నిరుటి బస్తాలని రుజువేంటి?" అన్నాడు ఎస్సై. "నోటికొచ్చింది వాగితే లోపలేస్తా."

హెప్సిబా ఇంకో కొత్త సంచి కోసి లోపలి పాత సంచిని బయటికి లాగింది. దబ్బనంలో పురికొస ఎక్కించి, పాత ముడి పక్కనే కొత్త ముడి వేసింది. రెండూ ఒకటే. వెంకటరత్నమ్మ మరో బస్తా లాగి తన జంటకుట్టు పక్కన జంటకుట్టు వేసింది. ఆ పైన ఒక్కొక్కరే లేచారు. ఎవరి కుట్టు వాళ్ళు వెతుక్కున్నారు, ఎవరి ముడి వాళ్ళు వేశారు. ఈ పని తమ మెడకే చుట్టుకుంటుందని, రేపట్నుంచి కూలి ఉండదని వాళ్ళకు తెలుసు. చివర్న సింధూరి కూడా వచ్చింది. ఆమె కుట్టు కూడా పాత కుట్టుతో సరిపోయింది.

"సరుకు పాడుచేసినందుకు కేసు," అన్నాడు ఎస్సై, ఆ ముడుల వంక చూడకుండా. వెంకటరత్నమ్మను, హెప్సిబాను జీపెక్కించారు.

"మిగతావాళ్ళు పనిలోకి దిగండి! లారీ కదలాలి!" అని జయకృష్ణ కేకేశాడు. పది దబ్బనాలు అతని కాళ్ళ ముందు పడ్డాయి. వాటి వెనకే హమాలీల కొక్కేలు. ఫిలిప్ లారీ తాళం జేబులో వేసుకుని జీపు వెనకే నడక మొదలెట్టాడు. మిగిలినవాళ్ళు అతని వెంట పడ్డారు.

పొద్దు గూకే వేళకి స్టేషను ముందు గుంపు కాలనీ అంత అయింది. లోపల బల్ల మీద వెంకటరత్నమ్మా హెప్సిబా ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. కానిస్టేబులు టీ ఇస్తే హెప్సిబా ముందు వాసన చూసింది. ఏడాది తర్వాత వెంకటరత్నమ్మ ఆమె పక్కన నవ్వింది.

అప్పుడు కిటికీ దగ్గరికి ఫిలిప్ వచ్చాడు, ఫోను చెవి దగ్గరే ఉంది. "ఇశ్రాయేలు శిబిరంలో ఉన్నాడు. బస్తాలన్నీ విప్పించారంట. ఒక్కళ్ళు కూడా వేలిముద్ర వెయ్యలా. పంచడానికొచ్చిన ఆఫీసర్ని ముందు తినమని లారీ ముందు కూర్చున్నారంట."

"వాళ్ళల్లో ముందు అనుమానపడిన మనిషెవరో అడుగన్నా," అంది హెప్సిబా. "పేరు చెప్పమను."

ఫిలిప్ అడిగాడు, విన్నాడు. ఫోను దించాడు.

"అందరూనంట."