లూకా బిగించిన బిరడా

సికింద్రాబాదు తిరుమలగిరిలో జకర్యా వాళ్ళ బీరు కార్ఖానాలో తెల్లారిందంటే సీసాలు కడిగే పని. మార్తమ్మ వేడినీళ్ళతో తోమి ఎండలో బోర్లిస్తే, కొడుకు లూకా నింపి బిరడా బిగించేవాడు. బిగించే ముందు సీసా మూతికి నోరు ఆనించి ఒక మాట చెప్పాలి. అది ఆ ఇంటి పద్ధతి. సీసా తెరిచినప్పుడు ఆ మాట, చెప్పినవాళ్ళ గొంతుతోనే, బయటికొస్తుంది. అదీ ఒక్కసారే. మళ్ళీ రమ్మంటే రాదు.

ఈ పద్ధతి పెట్టింది మార్తమ్మ మామగారు జకర్యా. ఆయన ఒక ఆస్ట్రేలియా దొర దగ్గర వంట చేసేవాడు. ఆ దొర తాతలకు వాళ్ళ దేశంలో బీరు కంపెనీ ఉండేదట. పనంతా నేర్పి, పోతూ పోతూ రెండు రాగి గంగాళాలు ఇచ్చిపోయాడు. జకర్యా మహా భక్తిపరుడు, ప్రతి సీసాలో ఒక బైబిలు వాక్యం చదివి మరీ బిగించేవాడు. తాగుదామని తెరిస్తే ప్రసంగం మొదలవుతుందని తెల్ల సోల్జర్లు గొణిగేవాళ్ళు. అయినా ఆ బీరే కావాలనేవాళ్ళు!

తెల్ల పట్టాళం పోయాక బేరం పడిపోయింది. లూకా దూరపు ఊళ్ళు పట్టాడు. కార్ఖానా బండి తోలే ముసలి ఖాజామియాతో పీపాలు భువనగిరి తీసుకెళ్ళి, అక్కడి దుకాణంలోనే సీసాలకెత్తేవాడు. మొదటి సీసా రైలు గార్డు చేతికిచ్చి ఇంటికి పంపేవాడు. మార్తమ్మ తెరవగానే "అమ్మా, మంచిగ చేరిన" అని వినపడేది. అప్పుడుగానీ ఆమె అన్నానికి కూర్చునేది కాదు.

1948 ఆగస్టులో ఖాజామియా ఒక్కడే తిరిగొచ్చాడు. చేతిలో లూకా బిగించి పంపిన సీసా.

"తుపాకులోళ్ళు దారి కాస్తున్నరమ్మా. దుకాణంల ఆడోళ్ళు, పిల్లలు దాక్కున్నరు. వాళ్ళను ఇడిసి రానన్నడు బాబు. నన్ను పొమ్మన్నడు."

"నువ్వెట్ల వస్తివి మరి? పిల్లగాణ్ణి ఆడ ఇడిసి నీకు కాళ్ళెట్లాడినయి? నా గడప తొక్కకు, పో!" అంది మార్తమ్మ. ముసలాయన సీసా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మూడోనాడు లూకా శవం వచ్చింది. ఎవరు చంపారో చెప్పేవాళ్ళు లేరు. మార్తమ్మ ఆ సీసాను తెరవలేదు, అల్మారాలో బైబిలు పక్కన పెట్టుకుంది. రోజూ తుడిచేది. కొడుకు గొంతు ఈ లోకంలో ఇంక అందులోనే ఉంది మరి.

సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయింది. నిజాం రాజ్యం పోయింది. కొత్తగా దిగిన పట్టాళం వాళ్ళు ఖాజామియాను పట్టుకుపోయారు. దారి కాసినవాళ్ళు అతన్ని మాత్రం ఎందుకు వదిలారు, అతనూ వాళ్ళలో వాడే అన్నారు. భార్య జైనబ్బీ వచ్చి మార్తమ్మ ముందు కూలబడింది.

"రేపోమాపో ఏం చేస్తరో తెల్వదు అక్కా. ఆ సీసా తెరువు. బాబు ఏదన్న చెప్పే ఉంటడు."

"తెరిస్తే నాకేం మిగుల్తది జైనబ్బీ? ఒక్కసారికే అయిపోతది గద!"

జైనబ్బీ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె పోయాక మార్తమ్మకు ఆ రోజంతా ఖాజామియానే గుర్తుకొస్తూ ఉన్నాడు. నలభై ఏళ్ళుగా బండి తోలుతున్న మనిషి, ఒక్క చుక్క నోట పెట్టనివాడు, లూకాను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు.

మర్నాడు పొద్దున్నే సీసాను చీరకొంగులో చుట్టుకుని పట్టాళం ఠాణాకు పోయింది. ఆ సీసాల సంగతి సికింద్రాబాదులో తెలియనివాళ్ళు లేరు. కొత్తాఫీసరు కూడా సాక్ష్యమంటే వినాల్సిందే కదా అన్నాడు. కానీ ఆడవాళ్ళు లోపలికి రావడానికి వీల్లేదన్నారు. ఖాజామియా ఎదుటే తెరుస్తామని ఆమె చేతిలోంచి సీసా తీసుకుని తలుపు మూశారు.

మార్తమ్మ తలుపుకు చెవి ఆనించింది. సరిగ్గా అప్పుడే వెనక లారీ స్టార్టయింది. "ఆపుండ్రయ్యా! జెరసేపు ఆపుండ్రి!" అని అరిచింది. ఎవరు వింటారు? లారీ గేటు దాటేసరికి లోపల అంతా అయిపోయింది. తలుపు తెరుచుకుంది. ఖాజామియా బయటికొచ్చాడు, చేతిలో ఖాళీ సీసా పట్టుకుని.

ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికొచ్చారు. గడప దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఏమన్నడు?" అంది మార్తమ్మ. "ఎట్లన్నడో గట్లనే చెప్పు."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, చాచా నన్నిడిసి పోనంటే పోనన్నడు. నేనే నీ మీద ఒట్టు పెట్టి పంపిన. ఒక్క మాట సుత అనకు. పొద్దటి సంది ఏం తినలే. ముందుగాల అన్నం పెట్టు."

మార్తమ్మ గుండె చెరువైపోయింది. ఆ రోజు సీసా తెరిచి ఉంటే! ఇన్నాళ్ళూ బిడ్డ మాటను తుడిచి తుడిచి దాచుకుంది గానీ, ఆ మాట వినలేదు.

"మళ్ళ చెప్పు," అంది ఏడుస్తూ. ఆయన చెప్పాడు. "ఇంకోసారి." మళ్ళీ చెప్పాడు. 

ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి పీట వేసింది.

"లోపలికి రా అన్నా," అంది. "అన్నం తిందువు."