రోలరు కింద నీడ

పొద్దున్నే ఆరింటికి తారు పొయ్యి వెలిగించాలి. ఆరున్నరకి పాత రోడ్డు మీద దుమ్ము ఊడ్చాలి. ఊడ్చే పని అక్కది. పదిహేనేళ్ళుగా అదే పని కాబట్టి ఆమె అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో, జట్టంతా చీపురక్క అనే పిలుస్తారు. ఊడ్చిన చోట వేడి తారు చల్లేవాడు ఆమె సొంత తమ్ముడు.

అక్కకి ఇంకో పనీ ఉంది. ఆగి ఉన్న రోలరు కదిలే ముందు వంగి, చీపురు కిందికి పోనిచ్చి, "లేవండి లేవండి, బండి కదులుతోంది" అని నీడల్ని తోలాలి. ఎండ ముదిరితే మనుషుల నీడలు కాళ్ళ దగ్గర ఊడిపోయి, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుకుంటాయి కదా. రోలరు కింద చోటంటే వాటికి మహా ఇష్టం. నీడ పోయినవాణ్ణి మేస్త్రి వెంటనే పని మాన్పించి, నీళ్ళు తాగించి, దాని పక్కనే పడుకోబెడతాడు. కాసేపటికి అది లేచొచ్చి కాళ్ళకి అతుక్కుంటుంది, అప్పుడు చెమట పడుతుంది, గండం గడిచినట్టే. పగటి వెలుతురులో నీడ లేకుండా గంటన్నర దాటితే మనిషి దక్కడు. ఇద్దర్ని పోగొట్టుకుని మేస్త్రి నేర్చుకున్న సంగతి ఇది.

అక్క చేరిన కొత్తల్లో నడివేసవిలో, అదీ మధ్యాహ్నం రెండు దాటాక, ఒకటో అరో ఊడేవి. ఇప్పుడు చలికాలం అనుకునే నెలల్లో కూడా పొద్దున తొమ్మిదింటికే మొదలు. ఏటేటా వేడి పెరుగుతోందని రేడియోలో చెబుతుంటే రోలరు నడిపే తాత విసుక్కుంటాడు. "ఆ మాట రేడియో చెప్పాలా? మన నీడల్ని అడిగితే చాలదూ?"

తమ్ముడిది పొయ్యి దగ్గర పని. వాడి నీడ అందరికంటే ముందు పోయేది. ఓ రోజు అక్క నోరు ఊరుకోలేదు. "నీ నీడ నీకన్నా తెలివైందిరా. పొద్దెక్కగానే పక్క వేసుకుంటుంది" అంది. జట్టంతా పగలబడి నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. అక్కడితో అయిపోయిందనుకుంది అక్క.

వారం తర్వాత ఒక పొద్దున పదింటికి రోలరు తాత ఇంజను ఆన్ చేసి ఆమె వైపు చూశాడు. అక్క చుట్టూ చూసింది. అందరి కాళ్ళ కిందా నీడలున్నాయి. తమ్ముడొక్కడే తారు డ్రమ్ము నీడలో నిలబడి పని చేసుకుంటున్నాడు. వాడిది డ్రమ్ము నీడలో కలిసిపోయి ఉంటుందిలే అనుకుంది. నడుం నొప్పి. పదిహేనేళ్ళలో మొదటిసారి వంగకుండానే చెయ్యి ఊపింది.

"పోనీ తాతా."

రోలరు కదిలింది. దాని కింద తడిబట్ట పిండినంత చిన్న చప్పుడు. బండి వెళ్ళాక చూస్తే రోడ్డులో మనిషంత నల్లటి మచ్చ, మోకాళ్ళు ముడుచుకుని ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. చిన్నప్పటి నుంచీ తమ్ముడు పడుకునేది అలాగే. అక్క డ్రమ్ము దగ్గరికి పరిగెత్తింది.

"ఎప్పుడు పోయిందిరా?"

"ఓ అరగంట అయ్యుంటుంది."

"చెప్పొద్దా?"

"మళ్ళీ నవ్వుతారని" అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ. ఆ మాట అంటూనే కూలబడ్డాడు.

చెట్టు కిందికి మోసుకెళ్ళి బిందెల కొద్దీ నీళ్ళు పోశారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఆరిపోతున్నాయి. ఒంటి మీద చెమట చుక్క లేదు. అక్క పలుగు తీసుకుని రోడ్డు వైపు పరిగెత్తింది. మేస్త్రి అడ్డుపడ్డాడు. "తవ్వితే ముక్కలొస్తాయి తల్లీ, నీడ రాదు."

"వాడికి వచ్చే నెల బిడ్డ పుడుతుందయ్యా" అంది అక్క, అదేదో మేస్త్రికి తెలియనట్టు. తర్వాత పలుగు కింద పడేసింది. "వాణ్ణి ఎండలోకి తీసుకురండి."

"నీకేమైనా మతిపోయిందా?"

"ఎండలో నిలబడితేనే కదా నాకు నీడ పడేది."

తమ్ముణ్ణి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. వాడు అలవాటుగా మోకాళ్ళు ముడుచుకున్నాడు. ముడుచుకున్నాడు కాబట్టి అక్క నీడ తల నుంచి కాళ్ళ దాకా సరిపోయింది. ఎండ పైకెక్కేకొద్దీ నీడ కురచవుతోంది, అక్క ఒక్కో అడుగు దగ్గరికి జరుగుతోంది. నా నోటి దురుసు వల్లే కదా, నా బద్ధకం వల్లే కదా అనుకుంటూ నిలబడింది. ఏడుద్దామంటే కళ్ళల్లో తడి లేదు. ముప్పావుగంట గడిచేసరికి తమ్ముడి నుదుటి మీద ఒక చెమట చుక్క మెరిసింది. అక్క పక్కకి జరిగింది. నీడ జరగలేదు.

తమ్ముడు బతికాడు. కూతురు పుట్టింది. వాడు తారు చల్లుతుంటే వాడి కాళ్ళ కింద నీడ వంగి ఊడుస్తూ ఉంటుంది. అక్క మాత్రం పగటిపూట గడప దాటదు. వెలుతురు సోకకుండా కిటికీకి దుప్పటి కట్టుకుని గదిలో కూర్చుంటుంది.

ఈ ఏడు ఎనిమిదింటికే నీడలు పోతున్నాయి. తమ్ముడు ఇప్పుడు దాచడు. చెయ్యెత్తి "నాది పోయింది" అని చెప్పి పడుకుంటాడు. ఎవరూ నవ్వరు. వాడి నీడ రోలరు కిందికి పోదు. రెండు వీధులు దాటి, తలుపు సందులోంచి దూరి, అక్క పాదాల దగ్గరికొచ్చి పడుకుంటుంది. గది చల్లబడుతుంది. కాళ్ళు దాని మీద ఆనిస్తే చాలు, అతుక్కుంటుంది. మళ్ళీ వీధిలోకి పోవచ్చు, మేనకోడల్ని ఎండలో ఎత్తుకుని తిప్పవచ్చు. ఆ సంగతి అక్కకి బాగా తెలుసు. అందుకే కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని, దాన్నే చూస్తూ కాసేపు కూర్చుంటుంది. ఆ తర్వాత మూలనున్న చీపురు అందుకుని మెల్లిగా తడుతుంది.

"లే, లే. వాడు ఎదురుచూస్తుంటాడు."