తమ్ముడు వేసిన ప్రశ్నలు

సముద్రపొడ్డు ఊరు అనొమాబులో చేపల సీజను ముమ్మరంగా ఉన్న రోజులవి. పడవ దిగిన చేపని ఆ పూటకా పూట పొగబెట్టకపోతే పాడైపోతుంది. అందుకని అరబా వాళ్ళమ్మకి తెల్లారిందీ పొద్దుగూకిందీ తెలియడం లేదు. పెరట్లో ఆ పొగలోనే కూర్చుని అరబా మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి తయారవుతోంది. మార్కులు బాగానే వచ్చాయి. కానీ అలాంటి మార్కులు వచ్చినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో ఎవరికి సీటివ్వాలో కేప్ కోస్ట్ పట్నంలో ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చుని తేలుస్తారు.

ఆ ముగ్గురి వేషమూ ఇంట్లో ఒక్కడే కట్టాడు, తమ్ముడు ఫీఫీ. పదిహేడేళ్ళవాడు, పుల్లలాంటి మనిషి, కళ్ళు ఎప్పుడూ కాస్త పచ్చగా ఉంటాయి. పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. చలిగాలి తగిలినా, వానలో తడిసినా ఎముకల్లో నొప్పి పుట్టి మంచం ఎక్కేస్తాడు. నొప్పి లేని రోజున మాత్రం వాణ్ణి పట్టడం ఎవరి తరమూ కాదు. చర్చిలో పాటలకి కట్టుకునే టై మెడకి బిగించి, బోర్లించిన గంగాళం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, గొంతు బొంగురు చేసేవాడు.

"అమ్మాయీ, డాక్టరెందుకవుతానంటావు?"

"పేదలకి సేవ చేద్దామని, సార్."

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరూ చేసేశారు ఆ సేవ. పేదలు మిగల్లేదు. తరవాతివాళ్ళని పిలవండి."

"ఒరేయ్, సరిగ్గా అడగరా."

"ప్రొఫెసర్ని పట్టుకుని ఒరేయ్ ఏంటి? సరే, ఇది చెప్పు. రోగి పొట్ట కోసి ఉంచావు. కరెంటు పోయింది. ఏం చేస్తావు?"

"జనరేటర్ వేయిస్తాను."

"అందులో డీజిలు లేదు."

"టార్చిలైటు తెప్పిస్తాను."

"బ్యాటరీలు సూపరింటెండెంటుగారి అల్లుడు రేడియోకి పట్టుకెళ్ళాడు."

"అయితే నువ్వే చెప్పు, ఏం చేయాలో."

"రోగినే అడగాలి. నాయనా, నీ ఫోన్లో లైటుందా, కొంచెం నీ పొట్టలోకి పట్టుకో అని."

పొయ్యి దగ్గర అమ్మ పొగకి కళ్ళు తుడుచుకుంటూనే పడీ పడీ నవ్వింది.

సైన్సు మాస్టారు అమిస్సా గారు ఓ సాయంత్రం వచ్చి, బెంచీ మీద కూర్చుని ఈ తంతంతా చూశారు. వెళ్ళేముందు అరబాని పక్కకి పిలిచారు.

"చూడమ్మా, వాళ్ళు పొద్దుట్నుంచీ పిల్లల్ని చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు. రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు నీ మొహం గుర్తు రావాలి వాళ్ళకి. నీ తమ్ముడి జబ్బు సంగతి చెప్పు. అంతకంటే ఇంకేం కావాలి?"

ఆయన మెల్లగానే అన్నారు గానీ, ఫీఫీ చెవులు పాము చెవులు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగాడు.

"అక్కా, నా ఎముకల నొప్పి నాది. నీ సీటు కోసం దాన్ని అద్దెకివ్వను."

"నీ నొప్పి ఎవడిక్కావాలిరా?"

"నవ్వులాట కాదు. వినేవాళ్ళ మొహాలు నేను చూశాను, జబ్బు పేరు వినగానే తల పక్కకి వాల్చేస్తారు. నా గురించి చెప్పాలనుంటే ఇంకేమైనా చెప్పు. అందగాణ్ణని చెప్పు."

"అబద్ధాలు చెప్తే సీటివ్వరు" అంది అరబా. వాడు గంగాళం మీంచి దిగి టైతో ఆమెని కొట్టబోయాడు. అయినా వాడి మాట ఆమె మనసులో పడింది. చెప్పనని మాటిచ్చింది.

ఆ వారంలోనే ముసురు పట్టింది. ఫీఫీకి నొప్పి మొదట కాళ్ళలో వచ్చింది, తరవాత నడుములో, తరవాత ఛాతీలో. టాక్సీలో కేప్ కోస్ట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు, డాక్టర్లు మంచం దగ్గర్నించి కదల్లేదు. ఓ మధ్యాహ్నం అమ్మ వాడి పెదాలు తడుపుతుంటే, "చాలమ్మా" అన్నాడు. నీళ్ళు చాలనుకుంది ఆవిడ.

ఖననం వెంటనే జరగలేదు. మేనమామ పొరుగుదేశంలోని ఆబిజాన్ నుంచి రావాలి, ఆయన రాకుండా కుటుంబంలో ఎవరూ రోజు నిర్ణయించరు. అంతవరకూ ఫీఫీని ఆసుపత్రి శవాగారంలోనే ఉంచారు. ఇంటర్వ్యూ ఆ లోపే వచ్చిపడింది.

పరామర్శకి వచ్చిన అమిస్సా మాస్టారు అమ్మ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. చివరికి, "అరబా, అక్కడ చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం" అన్నారు.

అమ్మ మాత్రం తలెత్తి చూసింది. "ఇష్టమేంటి? చెప్తుంది. నా బిడ్డ ఊరికే పోయాడా? వాడివల్ల దీనికి మేలు జరిగిందన్న మాటైనా నాకు దక్కాలి."

సంతాపపు నల్లగుడ్డ కట్టుకున్న తల్లితో అరబా ఏమని వాదిస్తుంది?

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకుని ట్రోట్రో ఎక్కింది. కిక్కిరిసిన ఆ వ్యానులో పక్కనావిడ ఒళ్ళో కోడిపుంజు దారంతా ఆమె మోచేతిని పొడుస్తూనే ఉంది. కాలేజీకి వెళ్ళాలంటే ఆసుపత్రి గోడ పక్కనుంచే నడవాలి. అరబా తల తిప్పకుండా నడిచింది.

లోపల ముగ్గురున్నారు. ఇద్దరు మగవాళ్ళు, మధ్యలో తెల్లజుట్టావిడ, డాక్టర్ అఫుల్.

"డాక్టరెందుకవుదామనుకుంటున్నావు?"

"జనానికి సేవ చేయాలని."

ఒకాయన కాగితం మీద ఏదో గీసుకున్నాడు. ఉత్తరాన మారుమూల పల్లెకి పంపితే వెళ్తావా అని ఇంకొకాయన అడిగాడు. వెళ్తానంది. తన మాటలు చప్పగా ఉన్నాయని ఆమెకే తెలుస్తోంది. డాక్టర్ అఫుల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అమ్మాయీ, ఇవన్నీ పొద్దుట్నుంచీ వింటున్నాం. నీది ఒక్క మాట చెప్పు."

అమ్మ చెప్పమన్నది నాలుక చివరిదాకా వచ్చింది. ముగ్గురూ ఒక్కసారి తల పక్కకి వాల్చడం కళ్ళకి కట్టింది. ఇచ్చిన మాట గొంతుకి అడ్డం పడింది. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేద్దామా అనుకుంది. కానీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా తమ్ముడు నన్ను మీకంటే గట్టి ప్రశ్నలు అడిగాడు మేడమ్."

గంగాళం సంగతీ టై సంగతీ చెప్పింది. కరెంటు పోవడం, డీజిలు లేకపోవడం, బ్యాటరీలు అల్లుడు పట్టుకెళ్ళడం చెప్పింది. వాడి గొంతు పెట్టి, "నాయనా, నీ ఫోన్లో లైటుందా" అనేసరికి కాగితం మీద గీసుకునే ఆయన కలం వదిలేసి నవ్వాడు. డాక్టర్ అఫుల్‌కి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఆ గదిలో కాసేపు ఫీఫీ ఉన్నాడు.

"ఎక్కడున్నాడు ఆ ప్రొఫెసరు?" అంది ఆవిడ.

"ఇక్కడే మేడమ్, ఈ ఊళ్ళోనే."

"నీకు తోడొచ్చాడా?"

"నాకంటే ముందే వచ్చాడు."

"అడిగానని చెప్పు. మా కుర్చీలకి ఎసరు పెట్టొద్దని కూడా చెప్పు."

"అలాగే మేడమ్" అంది అరబా. బయటికొచ్చి ఆసుపత్రి గోడ దగ్గర ఆగింది. అవతల, చెట్లకింద, శవాగారం రేకుల కప్పు కనిపిస్తోంది. డాక్టర్ అఫుల్ చెప్పమన్న మాట వాడికి చెప్పాలని నోరు తెరవబోయింది. దారిన పోయే నర్సొకామె, "ఎవరికోసమమ్మా?" అని అడిగితే, ఎవరికోసమూ కాదని వచ్చేసింది.

ఇంట్లో అమ్మ, "చెప్పావా?" అంది.

"జబ్బు సంగతి చెప్పలేదు."

అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. మేనమామ వచ్చాడు, శనివారం ఖననమైంది, వీధంతా సంతాపానికి ఎరుపూ నలుపూ గుడ్డలు కట్టుకుంది. అప్పటికీ అమ్మ కూతురితో ముక్తసరిగానే ఉంది.

తరవాత ఓ పొద్దున్న సీటొచ్చినట్టు ఫోన్లో కబురొచ్చింది. అమ్మ చేపలు తిప్పుతున్న చెయ్యి ఆపింది.

"వాడి ఊసెత్తకుండానే ఇచ్చారా?"

"ఎత్తానమ్మా. కరెంటు పోయిన సంగతి చెప్పాను."

"ఫోను మాట కూడానా?"

"అదీ చెప్పాను. పడీ పడీ నవ్వారు."

అమ్మ పైగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో అనుకుంది అరబా. కాదు. పొయ్యిమీద చేపలు మాడుతున్నా తియ్యడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

కాలేజీ తెరిచాక మొదటి వారంలోనే వరండాలో డాక్టర్ అఫుల్ ఎదురైంది. దూరం నుంచే చెయ్యెత్తింది.

"ప్రొఫెసర్ గారి అక్కవి కదూ? మా ఇంట్లో మీ తమ్ముడి మాటే ఇప్పటికీ చెప్పుకుంటాం. ఎలా ఉన్నాడు?"

ఇంక దాచడానికి అరబాకి ఓపిక లేకపోయింది. "లేడు మేడమ్. ఇంటర్వ్యూ నాటికే లేడు. సికిల్ సెల్."

ఆవిడ చేతిలో పుస్తకాలు గుండెకి హత్తుకుంది. "అయ్యో తల్లీ. మేం నవ్వాం కదా ఆ రోజు."

"నవ్వారు మేడమ్. వాడు పోయాక వాడి మాటకి నవ్వింది మీరే. ఇంట్లో అందరం ఏడుస్తూనే ఉన్నాం."

డాక్టర్ అఫుల్ అరబా భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి తియ్యడం మర్చిపోయినట్టు, పిల్లలు పక్కనుంచి వెళ్ళిపోతుంటే అలాగే నిలబడింది.

ఆవిడ వెళ్ళాక పక్క బెంచీ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "అంత పెద్ద డాక్టరు నీకెలా తెలుసే?"

"నేను కాదు" అంది అరబా. "ఆవిడకి మా తమ్ముడు తెలుసు."