అడుగు మెత్తబడిన తూటాలు

ఎల్డన్ నోటికి జడిసి అమెరికాలోని ఆ మోంటానా లోయలో కుక్కలు కూడా పక్కదారిన పోయేవి. అలాంటివాడి షెడ్డులో లైల్ చిన్నప్పటి నుంచీ తూటాల ఇత్తడి గొట్టాలు అందిస్తున్నాడు. ఇప్పుడతనికి నలభై దాటాయి. కన్నకొడుకు కాదు, తల్లి రెండో పెళ్లికి చంకనేసుకొచ్చిన పిల్లాడు. ఆవిడ పోయింది, వీళ్లిద్దరూ మిగిలారు.

ఎల్డన్‌కు వాళ్ల తాత నుంచి వచ్చిన పాత తుపాకీకి పట్టే తూటాలు చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. అందుకని వేరే తుపాకుల్లో పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చి, ప్రెస్సులో అచ్చు మీద అచ్చు మారుస్తూ నొక్కి, తన తుపాకీ సైజుకు దింపేవాడు. ఎంత నొక్కినా అడుగున పాత కంపెనీ ముద్ర అలాగే ఉండేది.

"చూశావట్రా? అడుగున ఎవడి పేరో, ఒళ్లు మాత్రం నాది," అన్నాడు ఆ రోజు కూడా. "నిన్నూ ఇలాగే నొక్కి దారికి తెద్దామనుకున్నా. మెడ దగ్గరే చీలిపోయావు. పనికిమాలిన ఇత్తడి!"

ఈ పాట వినీ వినీ లైల్ చెవులు తూట్లు పడ్డాయి.

నొక్కిన ఇత్తడి పెళుసెక్కుతుంది కనుక గొట్టం పైకొసను, అంటే మెడను, మంటతో కాచి మెత్తబరచాలి. అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి. అందుకే గొట్టాలను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి కాస్తారు. అడుగు మెత్తబడితే, పేలినప్పుడు నిప్పంతా వెనక్కి తన్ని కాల్చినవాడి ముఖం మీదికొస్తుంది. ఎల్డన్‌కు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆ రోజు నీళ్లు పోయడం మరిచి, ఎండు పళ్లెంలోనే పేర్చి మంట పెట్టాడు. గొట్టాలు అడుగుదాకా ఎర్రబడ్డాయి. అతను గమనించలేదు.

లైల్ గమనించాడు. చెప్పబోయాడు.

"ఏంట్రా గుడ్లప్పగించావ్? మీ అమ్మదీ ఇదే మొద్దు మొహం," అన్నాడు ఎల్డన్.

లైల్ మాట మింగేశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకున్నాడు.

ఆదివారం ఆ గొట్టాలతో చేసిన తూటాలు పట్టుకుని కొండ వెనక గురి చూసుకోవడానికి వెళ్లారు. దారి పొడుగునా లైల్‌కు భయం వేసింది. భయం కన్నా సంతోషమే ఎక్కువ వేసింది. ఆ నోరు కాలిపోతుంటే కళ్లారా చూడాలనుంది.

ఎల్డన్ తూటా ఎక్కించి, తుపాకీని లైల్ చేతికిచ్చాడు.

"పట్టు. మొదటి దెబ్బ నీదే."

ఇన్నేళ్లలో దాన్ని ముట్టనిచ్చింది లేదు. "నేనా?"

"నా కళ్లు పోయాయిరా. దుప్పికీ పొదకీ తేడా తెలీట్లేదు. ఇంక ఇది నీది. కాల్చు, చప్పుడన్నా వింటాను."

లైల్ తుపాకీ దించాడు. "కాల్చకూడదు. గొట్టాల అడుగు మెత్తబడింది. పళ్లెంలో నీళ్లు లేవు."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మంట పెట్టినప్పుడే," అన్నాడు లైల్. ఎల్డన్ తిట్టలేదు. తిడితే బాగుండునని లైల్‌కు మొదటిసారి అనిపించింది.

"అంటే, నేను కాలిస్తే ఫరవాలేదన్నమాట," అన్నాడు ముసలాడు మెల్లగా. "సరే. ఇస్తానన్నా, ఇచ్చేశా. తుపాకీ నీది, ఆ తూటాలూ నీవే. నా గుమ్మం మాత్రం తొక్కకు."

కనీ కనపడని కళ్లతోనే ట్రక్కు నడుపుకుంటూ వెళ్లిపోయాడు. పిలవడానికి లైల్‌కు సిగ్గేసింది. ఆ తుపాకీకి పట్టే తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. దగ్గరున్నవి కాల్చలేడు. కొత్తవి చేసే అచ్చులన్నీ ఆ షెడ్డులోనే ఉన్నాయి.