తొమ్మిదొచ్చిన నంబరు

మల్లేశానికి ఎనిమిదంటే పడదు. స్కూటరు నంబరైనా, సెల్లు నంబరైనా, చివరికి తాను అమ్మే గద్వాల చీర ధరైనా సరే, అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాల్సిందే. ఎనిమిది శనిదంటాడు. పెళ్లికి ముందు భాగ్యలక్ష్మి పుట్టిన తేదీ కూడా కూడి చూసుకున్నాడట. తొమ్మిదే వచ్చిందట. ఆ కూడికలో ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని ఆమెకు ఇప్పటికీ అనుమానం.

ఆ శుక్రవారం పొద్దున చీరల మూటలతో హైదరాబాదు బస్సుకు బయలుదేరుతూ, కంప్యూటరులో నెట్టు సెట్టింగుల్లో కూడా ఒక నంబరు మార్చానని, ఇక నెట్టు గుర్రంలా ఉరుకుతుందని చెప్పి పోయాడు. సద్ది కడుతున్న భాగ్యలక్ష్మి విననట్టే విన్నది.

మధ్యాహ్నం కూర్చుని చూస్తే గుర్రం లేదు. మోడెం దీపాలన్నీ వెలుగుతున్నాయి గానీ ఒక్క పేజీ తెరుచుకోదు. లోపల దీపముండీ పిలిస్తే పలకని ఇల్లులా ఉంది.

వేరే రోజైతే టీవీ పెట్టుకునేది. శుక్రవారం అంజుమ్ చాటింగుకు వచ్చే రోజు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఇప్పుడామె జెద్దాలో ఉంది. భర్త నమాజుకు పోయినప్పుడే కంప్యూటరు ఆమె చేతికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటూ ఇద్దరూ వారానికి సరిపడా నవ్వుకునేవాళ్లు. కొత్త కాలనీకి మారాక భాగ్యలక్ష్మికి మగ్గాల చప్పుడు కూడా దూరమైంది. మనసు విప్పి మాట్లాడే మనిషి ఆ ఒక్కతే.

పోయిన శుక్రవారం వేళాకోళానికి ‘షేకమ్మవైపోయినవు, మా జొన్నరొట్టె నీకేం యాదికుంటది’ అని కొట్టింది. జవాబు రాలేదు. కాసేపటికి అంజుమ్ పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది. ముఖం చూస్తూ అంటే నవ్వయ్యే మాట తెర మీద పడేసరికి రాయైంది. ఇవాళ కూడా తాను కనబడకపోతే, నువ్వలిగావంటే నువ్వలిగావని ఇద్దరూ చెరో ఒడ్డున ఉండిపోతారు.

టెలిఫోను ఎక్స్‌ఛేంజికి ఫోను చేస్తే ఎత్తే నాథుడు లేడు. మల్లేశానికి చేసింది.

“పాత నంబరేముండె?”

“గది నాకేం యాదికుంటది? కూడితే ఎనిమిదొచ్చింది, మార్చిన.”

“నెట్టు వస్తలేదు.”

“కొత్త నంబరు గద. కుదురుకుంటది, జర ఓపిక పట్టు.”

కొత్త కోడలి గురించి చెప్పినట్టు చెప్పి పెట్టేశాడు.

ఆమె సెట్టింగులు తెరిచి, అక్కడున్న నంబరు అంకెలు కూడింది. తొమ్మిదే. ఆయన చీరల ధరలు ఎట్లా మారుస్తాడో గుర్తుచేసుకుంది. మొదటి అంకె జోలికి పోడు, లక్ష్మి కదులుతుందని భయం. ఎప్పుడూ తోకే సవరిస్తాడు. ఎనిమిది తొమ్మిదయిందంటే చివరి అంకెను ఒకటి పెంచి ఉంటాడు. ఆ ఒకటి తగ్గించి, శనీశ్వరుణ్ణి లోపలికి రమ్మని ఓకే నొక్కింది.

పేజీ తెరుచుకుంది. అంజుమ్ పేరు పక్కన చుక్క లేదు. అక్కడ నమాజు అయిపోయింది. ఆమె పెట్టిపోయిన మెసేజి మాత్రం ఉంది.

‘భాగ్యా, ఆ దినం కోపం కాదే. రొట్టె అనంగనే ఏడుపొచ్చింది. అక్షరాలు కనబడలే. నువ్వే అలిగినవా? ఇంతసేపు చూసిన.’

భాగ్యలక్ష్మి చాలాసేపు కొట్టింది, చాలాసేపు చెరిపింది. చివరికి మిగిలింది ఇంతే: ‘అలగలే. మా ఆయన శనిని ఎల్లగొడితే నెట్టు గూడ శని ఎంబడే పోయింది. నేను ఈడనే ఉన్న.’

ఆరిన చుక్కకు పంపింది.

సాయంత్రం మల్లేశం ఫోను చేసి నెట్టు వచ్చిందా అని అడిగాడు. వచ్చిందంది.

“నేను చెప్పలే? తొమ్మిది మహిమ.”

“అవును,” అంది.

ఒక్క మనిషికి ఒక్క రొట్టె. పెనం మీద వేసి, ఒకసారి చూసొద్దామని లోపలికి పోయింది. చుక్క వెలగలేదు. మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడింది.